గేటుకీ తారుకీ నడుమ: వీధి కాలువల బాధ్యత గురించి

(బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

వానాకాలం రాకముందే వీధి కాలువల గురించి, వాటి గట్ల మీద మనం పెంచుకుంటున్న మొక్కల గురించి, వీటి బాగోగులు ఎవరు చూడాలన్న దాని గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం రోడ్లూ కాలువలూ కట్టించే పనిలోనే గడిపినవాణ్ణి కనుక ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. వాటిని దాచుకోకుండా మీ ముందు పెడతాను.

మనలో ఎవరి ఇంటి ముందైనా గేటు దాటాక, తారు అంచు మొదలయ్యేలోపు రెండు మూడు మూరల నేల ఉంటుంది. వాన నీటి కాలువ, దాని మీది బండలు, కారు ఎక్కించుకునే ర్యాంపు, కరెంటు స్తంభం, కేబుళ్లు, కాస్త మన్ను, ఆ మన్నులో ఇంటివారు నాటుకున్న మందారమో, దురంత కంచో, క్రోటన్లో, అన్నీ ఆ కొద్దిపాటి జాగాలోనే ఉంటాయి. కారు నిలుపుకోవడానికీ, కుండీలు పెట్టుకోవడానికీ అది ఇంటివారిది అన్నట్టు నడుస్తుంది. కాలువ పొంగిన రోజున మాత్రం అది కార్పొరేషన్‌ది అవుతుంది. నేను ఈరోజు చెప్పదలచింది ఒక్కటే. కాలువ నగరపాలికదే, అందులో రెండో మాట లేదు; కానీ ఆ కాలువ నెత్తిన మనం పెట్టిన ప్రతి వస్తువుకూ మనమే జవాబుదారులం, ఈ రెండు బాధ్యతల సరిహద్దునూ వీధివారీగా కాగితం మీద రాసుకోనంత కాలం ఎవరూ ఎవరినీ గట్టిగా అడగలేరు.

ముందుగా ఈ ఊరి నేల తీరు చూద్దాం. బెంగళూరు నది ఒడ్డున పుట్టిన ఊరు కాదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఉత్తర దక్షిణాలుగా సాగిన ఒక మిట్ట మీద కూర్చున్న ఊరు. ఆ మిట్టకు పడమటి పక్కన పడిన నీరు వృషభావతి లోయలోకి దిగి, అర్కావతి మీదుగా కావేరికి చేరుతుంది. తూర్పు పక్కన పడినది హెబ్బాళ లోయలోకీ, కోరమంగల - చల్లఘట్ట లోయలోకీ దిగి, చెరువుల వరసలు దాటుకుంటూ దక్షిణ పినాకినికి చేరుతుంది. ఆ దక్షిణ పినాకిని పుట్టిన నంది కొండల ప్రాంతంలోనే మన ఉత్తర పినాకిని, అంటే పెన్నా కూడా పుట్టి, అనంతపురం, కడప జిల్లాల మీదుగా నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుందని ఇక్కడున్న రాయలసీమ, నెల్లూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. నది లేని ఊరు కావడం వల్ల పూర్వులు చెరువు మీద చెరువు కట్టి, పై చెరువు నిండితే కింది చెరువుకు నీరు పోయేలా రాజకాలువలు తవ్వారు. మన వీధి కాలువ ఆ వరసలో మొదటి మెట్టు. అది మూసుకుపోతే రాజకాలువ ఎంత వెడల్పు ఉన్నా మన వీధికి ఒరిగేదేమీ లేదు.

వీధిలో పడే నీరెంతో ఒకసారి లెక్క వేసి చూద్దాం. ముప్పై అడుగులకు నలభై అడుగుల సైటు అంటే దాదాపు 111 చదరపు మీటర్లు. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే, మిద్దె మీదా వాకిట్లోనూ కలిపి పడేది 5,500 లీటర్లు. ఎండాకాలంలో మనం డబ్బు పెట్టి తెప్పించుకునే చిన్న ట్యాంకరుకు ఇది దాదాపు సమానం. వంద మీటర్ల పొడవున్న వీధిలో రెండు వైపులా కలిపి ఇటువంటి సైట్లు ఇరవై రెండు ఉంటాయనుకుంటే, వాటి నుంచి 1,20,000 లీటర్ల పైచిలుకు నీరు వస్తుంది. ముప్పై అడుగుల రోడ్డు మీద పడే మరో 45,000 లీటర్లు దీనికి కలపండి. ఈ ఊళ్లో మేలోనూ, సెప్టెంబరులోనూ ఉరుములతో వచ్చే వాన ఇంత నీటిని ఒక్కోసారి గంట తిరక్కుండానే కుమ్మరించి పోతుంది. ఇంటి చుట్టూ ఇంత మట్టి నేల మిగిలి ఉంటే కొంత ఇంకేది. అంతటా సిమెంటు, గ్రానైటు, టైల్సు పరుచుకున్నాక మిగిలిన దారి వీధి కాలువ ఒక్కటే.

ఆ నీరు కాలువలోకి ఎలా దిగుతుందో దగ్గరగా చూస్తేగాని బాధ్యత ఎక్కడ జారిపోతుందో తెలియదు. తారు రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఆ వాలు సాధారణంగా నూటికి రెండు, రెండున్నర వంతులు. అంటే తొమ్మిది మీటర్ల రోడ్డులో నడిమి భాగం అంచు కన్నా తొమ్మిది నుంచి పదకొండు సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి. అంచుకు వచ్చిన నీరు అక్కడ నిలబెట్టిన కెర్బు రాయిని ఆనుకుని పారుతూ, అక్కడక్కడ ఆ రాయిలో వదిలిన కన్నాల గుండా కాలువలోకి దిగాలి. కెర్బు ఎత్తు మామూలుగా 15 సెంటీమీటర్లు. పాత తారును గీకి తీసెయ్యకుండా దాని మీదనే నాలుగు సెంటీమీటర్ల కొత్త పొర వేస్తే కెర్బులో పావు భాగానికి పైగా కనిపించకుండా పోతుంది. రెండోసారి కూడా అలాగే వేస్తే సగం మునిగిపోతుంది, నీరు దిగే కన్నం జానెడు వెడల్పూ రెండు వేళ్ల ఎత్తూ ఉన్న చీలికగా మిగులుతుంది. ఒక పాల కవరు, గుప్పెడు కానుగ ఆకులు, మూరెడు కనకాంబరం దండ ఇవి చాలు ఆ చీలికను మూయడానికి. కొత్త తారు నల్లగా నిగనిగలాడుతుంటే మనకు సంతోషంగా ఉంటుంది, కానీ ఆ రోడ్డు వేసేవాళ్లను పాత పొర గీకారా లేదా అని అడిగేవారు చాలా అరుదు. పౌరులుగా మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే అని నా నమ్మకం.

కన్నం దాటి లోపలికి వెళ్దాం. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న కాలువ అనుకోండి. అందులో అడుగు మేర పూడిక చేరితే సగం కాలువ మిగిలింది కదా, సగం నీరైనా పోతుందిలే అనుకుంటాం. అలా జరగదు. నీటి మట్టం తగ్గేకొద్దీ గోడలూ అడుగూ పట్టి ఉంచే రాపిడి ప్రభావం పెరిగి వేగం కూడా పడిపోతుంది కనుక, సగం పూడిన కాలువ మోసేది తన పూర్తి సామర్థ్యంలో నలభై శాతం మాత్రమే. వేగం పడిపోతే మరో చిక్కు కూడా ఉంది. సెకనుకు సుమారు 0.6 మీటరు వేగం లేని నీరు తనతో వచ్చిన ఇసుకనూ మట్టినీ మోసుకుపోలేక అక్కడే వదిలేస్తుంది. అంటే పూడిక చేరిన చోటే మరింత పూడిక చేరుతుంది. కాలువ పని ఏటేటా చెయ్యక తప్పనిది కావడానికి కారణం ఇదే. ఒకసారి ఘనంగా కట్టేసి, రిబ్బను కత్తిరించి వదిలేసే పని కాదిది.

ఇప్పుడు మన ర్యాంపు దగ్గరికి వస్తాను. ఇల్లు కట్టేటప్పుడు కారు సులువుగా ఎక్కాలని, కాలువ మీద కాంక్రీటు పోసి ర్యాంపు కట్టుకుంటాం. ఆ పని చేసే మేస్త్రీ సౌలభ్యం కోసం కాలువను మట్టితో పూడ్చి, అందులో నాలుగు అంగుళాల పీవీసీ పైపు ఒకటి పెట్టి, పైన కాంక్రీటు పోసి వెళ్లిపోవడం నేను ఎన్నో వీధుల్లో చూశాను. రెండడుగుల చదరపు కాలువ స్థానంలో నాలుగు అంగుళాల పైపు అంటే దారిలో దాదాపు నలభై ఆరో వంతు మాత్రమే మిగిలినట్టు. ఎగువన పది ఇళ్లవారు తమ కాలువను అద్దంలా ఉంచుకున్నా ఈ ఒక్క పైపు దగ్గర అంతా ఆగిపోతుంది. పైగా పోత పోసిన కాంక్రీటును ఎత్తి చూడడానికి వీలుండదు కనుక లోపల ఏముందో ఎవరికీ తెలియదు. బండలు ఎత్తడానికి వీలుగా ఉన్నచోట పార, గడ్డపార తీసుకుని ఇద్దరు మనుషులు ఒక పూటలో చూడగలిగిన పని, పోత పోసిన చోట కాంక్రీటు పగలగొడితే తప్ప జరగదు. పగలగొట్టడానికి వస్తే గొడవకు దిగేది ఆ ఇంటివారే. కాలువ మీద పోత పోసుకున్న ప్రతి ఇంటివారూ దాన్ని తమ ఖర్చుతో తీయించి, ఎత్తి పెట్టడానికి వీలున్న బండలు పరిపించాలని నేను గట్టిగా అంటాను. ఇందులో మొహమాటానికి తావు లేదు.

మొక్కల సంగతి ఇంత కటువుగా చెప్పలేను, ఎందుకంటే వాకిట్లో మొక్క పెంచడం మంచి అలవాటు, ఈ ఊరికి ఉన్న చల్లదనంలో వాటి పాలు ఉంది. కానీ ఏ మొక్క, ఎక్కడ, ఎంత ఎత్తు అన్నది చూసుకోవాలి. దురంత, బోగన్‌విలియా చూడముచ్చటగా ఉంటాయి, కత్తిరించినకొద్దీ గుబురుగా పెరుగుతాయి. కాలువ గోడకు జానెడు దూరంలో నాటితే వాటి వేళ్లు సైజు రాళ్ల నడుమ సందుల్లోకి దూరి, తేమ దొరికిన చోటల్లా పీచులా అల్లుకుపోతాయి. నేను బండ ఎత్తించి చూసిన ఒక కాలువలో అటువంటి వేళ్లు గోడ నుంచి గోడ దాకా జల్లెడలా అల్లుకుని, ఆ జల్లెడకు కొబ్బరి పీచు, దేవుడి పూలు, షాంపూ ప్యాకెట్లు, టెంకాయ చిప్పలు తగులుకుని, వాటి వెనక నల్లటి ఒండ్రు మోకాలి లోతున పేరుకుని ఉంది. పైన చూస్తే ఆ కంచె పూతతో కళకళలాడుతోంది. కనుక కాలువకూ కంచెకూ నడుమ కనీసం ఒక మూరెడు ఖాళీ ఉండాలి. వేళ్లు లోతుగా పోని మొక్కలనే అక్కడ ఎంచుకోవాలి. వీధి మలుపుల్లో కంచెను నడుము ఎత్తుకు మించి పెరగనివ్వకూడదు, ఎందుకంటే మలుపు తిరిగే బండివాడికి అటునుంచి నడిచి వచ్చే పిల్లవాడు కనిపించాలి.

కత్తిరించిన కొమ్మా రెమ్మా ఎక్కడ వెయ్యాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు దీనికి స్పష్టంగా జవాబిచ్చాయి. తోట వ్యర్థాలను వాటి యజమాని తన ఆవరణలోనే విడిగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పిన పద్ధతిలో అప్పగించాలి. ఏ వ్యర్థాన్నైనా వీధిలో గానీ, కాలువలో గానీ, చెరువులో గానీ పడెయ్యడం, కాల్చడం, పూడ్చడం నిషిద్ధం. తోటమాలి పని ముగించి కొమ్మలను గేటు బయట కుప్ప వేసి వెళ్తే అది తోటమాలి తప్పు అనుకోకండి, చెప్పి చేయించవలసింది ఇంటివారు. ఇక కంచె వేరు, వీధి చెట్టు వేరు. కంచెను మీరు కత్తిరించుకోవచ్చు. వీధిలోని రెయిన్ ట్రీ కొమ్మ మీ మిద్దె మీదికి వంగినా దాన్ని మీరు నరికించకూడదు. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద వృక్షాధికారి అనుమతి ఉండాలి, ఆ పనిని నగరపాలిక అటవీ విభాగం చూస్తుంది.

ఇతర దేశాల్లో ఎలా ఉందో తెలిస్తే మన సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఇంగ్లండులో రోడ్డు పక్కనున్న గుంటకాలువ సాధారణంగా దాన్ని ఆనుకుని ఉన్న పొలం యజమానిదే అని భావిస్తారు, అందులో పూడిక తీయించడం అతని పనే. అతని కంచె రోడ్డు మీదికి పెరిగి దారికి అడ్డమైతే, 1980 నాటి హైవేస్ చట్టం కింద స్థానిక సంస్థ పద్నాలుగు రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. అప్పటికీ కత్తిరించకపోతే తానే కత్తిరించి ఖర్చు రాబడుతుంది. మన దగ్గర బహిరంగ వీధి, దాని పక్క కాలువ నగరపాలికకు చెందుతాయి. అంచేత ఇంగ్లండు పద్ధతిని యథాతథంగా తెచ్చుకోలేం, తెచ్చుకోవలసిన అవసరమూ లేదు. ఒక ముప్పై అడుగుల సైటు యజమాని ఎగువనున్న వంద ఇళ్ల నీటికి బాధ్యత వహించాలనడం న్యాయం కాదు. కానీ అక్కడి పద్ధతిలో ఒక సుగుణం ఉంది. ఏ అంగుళం ఎవరిదో ముందే తెలుసు, గడువు తెలుసు, గడువు దాటితే ఏమవుతుందో కూడా తెలుసు.

మన దగ్గర ఎన్ని చేతులు ఉన్నాయో గమనించండి. 2007లో పాత నగరపాలికతో పాటు ఏడు పురసభలూ, ఒక పట్టణ పురసభా, 110 గ్రామాలూ కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పడింది. ఆ చేరిన గ్రామాల్లో చాలావాటికి వీధి కాలువలే సరిగా లేవు. 2024 నాటి గ్రేటర్ బెంగళూరు పరిపాలన చట్టం తర్వాత, 2025 సెప్టెంబరులో అది కేంద్ర, ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ అని ఐదు నగరపాలికలుగా విడిపోయింది. పెద్ద రాజకాలువలను వాన నీటి కాలువల విభాగం చూస్తుంది. వీధి పక్క చిన్న కాలువ వార్డు ఇంజనీరు పరిధిలోకి వస్తుంది. మురుగు పైపులు నీటి సరఫరా, మురుగు పనులు చూసే జలమండలివి. స్తంభాలు కరెంటు సంస్థ బెస్కాంవి. ఊడ్చే పని, చెత్త ఎత్తే పని ఘన వ్యర్థాల సంస్థది. చెట్టు అటవీ విభాగానిది, పార్కు ఉద్యాన విభాగానిది. కేబుల్ కంపెనీలు తమ నల్ల గొట్టాలను కాలువ గోడకు కన్నం పెట్టి మరీ దూరుస్తాయి. సెయింట్ మార్క్స్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు వంటి చోట్ల టెండర్ ష్యూర్ పద్ధతిలో కాలిబాట కింద కేబుళ్లకూ పైపులకూ వేరువేరు దారులు కట్టారు కనుక అక్కడ ఈ బాధ తక్కువ, తక్కిన వీధులకు ఆ భాగ్యం లేదు. పైగా 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల పదవీకాలం ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు. వీధిలో నిలబెట్టి అడగడానికి మనం ఎన్నుకున్న మనిషే లేకపోవడం చిన్న లోటు కాదు.

ఇన్ని చేతులున్నచోట ఏం జరుగుతుందో 2023 మే 21న చూశాం. ఆరోజు మధ్యాహ్నం గాలివానకు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నీరు నిండి, అందులో కారు చిక్కుకుని, ఉద్యోగం కోసం ఈ ఊరికి వచ్చిన మన తెలుగు అమ్మాయి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. విధాన సౌధకు కూతవేటు దూరంలో, పట్టపగలు జరిగింది అది. రాలిన ఆకులూ కొమ్మలూ నీరు దిగే జాలీలకు అడ్డుపడ్డాయని తర్వాత వార్తల్లో వచ్చింది. ఆకు రాలడం ఎవరికీ తెలియని విశేషం కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కానుగ చెట్లు ఆకు రాల్చి, ఆ వెంటనే పూత రాల్చి, వీధి అంచున అడుగు మందాన పరుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మొదటి జల్లు ఎప్పుడైనా పడవచ్చు. ఈ రెండింటికీ నడుమ జాలీలన్నీ ఒకసారి తిరిగి చూసే మనిషి ఎవరన్నది ముందే తేలి ఉండాలి. మనిషి పోయాక నలుగురు అధికారులు నాలుగు వైపులకు వేలు చూపించే స్థితి ఇంకెప్పుడూ రాకూడదని ఆ తల్లిదండ్రుల ముఖం తలచుకుని అడుగుతున్నాను.

పూడిక తీసే పని గురించి ఇంజనీరుగా రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, తీసిన పూడికను ఆరబెట్టే పేరుతో కాలువ గట్టునే వదిలెయ్యడం. తడి ఒండ్రు వాసన వేస్తుంది, ట్రాక్టరులో వేస్తే దారి పొడుగునా కారుతుంది, అందుకని ఒకటి రెండు రోజులు గట్టున ఉంచడంలో తప్పు లేదు. కానీ వారం దాటినా ఎత్తకపోతే మొదటి వానకే అది తిరిగి కాలువలోకి చేరుతుంది, మనం కట్టిన పన్ను రెండోసారి అదే మట్టికి ఖర్చవుతుంది. రెండవది కొలత. పని మొదలుపెట్టే ముందు ప్రతి ఇరవై మీటర్లకు ఒకచోట పూడిక లోతు కొలిచి రాసి, పని అయ్యాక అదే చోట మళ్లీ కొలిస్తే, ఎంత తీశారో దాపరికం లేకుండా తెలుస్తుంది. ఆ కొలత వేళ వీధివారు ఇద్దరు నిలబడి సంతకం చేస్తే కాంట్రాక్టరుకూ మంచిది, మనకూ మంచిది. ఇందుకు సాంకేతిక విద్య ఏమీ అక్కరలేదు, ఒక ఇనుప కడ్డీ, టేపు చాలు.

ఆ పని చేసే మనుషుల గురించి మాట్లాడకుండా ముందుకు పోలేను. వాన నీటి కాలువలో వాన నీరే పారాలి. కానీ ఎంతోమంది తమ ఇంటి మురుగును, కొన్నిచోట్ల మరుగుదొడ్ల నీటినీ అందులోకే కలిపేశారు. ఆ కాలువలోకి చెప్పుల్లేకుండా, చేతి తొడుగుల్లేకుండా దిగమని మనిషికి చెప్పే హక్కు ఎవరికీ లేదు. మానవ మలాన్ని మనుషులతో ఎత్తించడాన్నీ, రక్షణ సాధనాలు లేకుండా మురుగు గుంతల్లోకి దింపడాన్నీ 2013 చట్టం నిషేధించింది. మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వీధి కాలువ పొంగగానే అసోసియేషన్ వాళ్లు వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి ఎవరినో లోపలికి దింపడం ఆగలేదు. ఇది నేరం. కాలువ పొంగితే పొంగనివ్వండి, నీళ్లలో నడుద్దాం, మనిషిని మాత్రం దింపవద్దు. జలమండలికి 1916కు ఫోన్ చేసి యంత్రాలున్న బండి రప్పించండి. అంతకన్నా ముందు, మన ఇంటి మురుగు పైపు ఎటు పోతుందో ఒకసారి ప్లంబరుతో చూపించుకోండి. తమ పైపు వాన కాలువలోకి పోతోందని తెలిసి కూడా మార్చని వారితో మాట్లాడవలసింది అధికారులు కాదు, పొరుగున ఉన్న మనమే.

మన ఊళ్లలో ఇది ఎలా సాగేదని పెద్దలు కొందరు గుర్తుచేస్తుంటారు. చెరువు కింద సాగు చేసుకునే రైతులందరూ ఇంటికొక మనిషి చొప్పున వచ్చి వానలకు ముందే కాలువలు బాగుచేసుకునే కుడిమరామత్తు, తూముల దగ్గర నీటి పంపకం చూసే నీరుగంటి, ఇవి చిత్తూరు, అనంతపురం, కోలారు ప్రాంతాల వారికి పరిచయమే. అందులో నేర్చుకోవలసింది ఉంది. పని ఏ నెలలో చెయ్యాలో అందరికీ తెలుసు, ఎవరి వంతు ఎంతో తెలుసు, చూసుకునే మనిషి ఒకడున్నాడు. అయితే దాన్ని స్వర్ణయుగంలా వర్ణించడానికి నేను సిద్ధంగా లేను. ఆ చాకిరీలో బరువు ఎవరి భుజాల మీద పడిందో, నీరు ముందుగా ఎవరి పొలానికి పారిందో మనకు తెలియనిది కాదు. 1858లో వలస ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీ కోసం నిర్బంధ శ్రమ చట్టమే చేసి ఆ పనిని బలవంతం మీద చేయించడానికి పూనుకుంది. నగరంలో మనం పన్ను కడుతున్నాం, కనుక మట్టి ఎత్తే పని జీతం తీసుకునే, రక్షణ సాధనాలున్న కార్మికులదే కావాలి. మనం తీసుకోవలసింది ఆ పద్ధతిలోని లెక్కా, సమయపాలనా.

పెద్ద అపార్టుమెంట్లలో ఉండేవారికి ఒక మాట. మీ ప్రహరీ లోపల అంతా శుభ్రంగా ఉంటుంది, నెలనెలా మెయింటెనెన్స్ కట్టి ఆ పని చేయించుకుంటున్నారు. కానీ సెల్లారులో చేరిన నీటిని పంపు పెట్టి గేటు బయటి కాలువలోకి వదిలినప్పుడు అది ఎక్కడికి పోతోందో చూశారా? 2022 సెప్టెంబరు మొదటి వారంలో ఔటర్ రింగ్ రోడ్డు, బెల్లందూరు, సర్జాపుర ప్రాంతాలు మునిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్ల మీద ఆఫీసులకు పోవలసి వచ్చినప్పుడు, ప్రహరీ లోపలి శుభ్రత ఎవరినీ కాపాడలేదు. 2009 నుంచి ఈ ఊళ్లో నిర్ణీత కొలతకు మించిన సైట్లలో వాన నీటి సేకరణ తప్పనిసరి. మీటరు బిల్లులో జరిమానా పడకుండా ఉండడానికి ఒక డ్రమ్ము పెట్టి ఊరుకున్నవారు, దాని బదులు నిజంగా ఇంకుడు బావి తవ్వించుకుంటే, నేను మొదట చెప్పిన ఆ 5,500 లీటర్లలో చెప్పుకోదగ్గ భాగం వీధిలోకే రాదు.

ఇక కాగితం సంగతి. ప్రతి వీధికీ ఒక పుస్తకం ఉండాలని నా ప్రతిపాదన. అందులో మొదట కాలువ ఎక్కడ మొదలై ఏ రాజకాలువలో కలుస్తుందో చేతి పటం గీయాలి. తర్వాత ఇంటి నంబరు వారీగా ముందున్న కాలువ మీద ఏముందో రాయాలి: ఎత్తగలిగే బండలా, పోత పోసిన ర్యాంపా, కంచా, కేబుళ్లు దూర్చారా, నీరు దిగే కన్నం తెరిచి ఉందా. వాటి ఎదురుగా బాధ్యత ఎవరిదో, ఏ తేదీలోపు సరిచెయ్యాలో రాసి, ఇంటివారి సంతకం తీసుకోవాలి. నగరపాలిక వంతు వచ్చిన చోట వార్డు ఇంజనీరుకు ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోవాలి. మూడు లక్షలు గానీ అంతకు మించి గానీ జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. ఆ కమిటీ సమావేశంలో ఈ పుస్తకాన్ని బల్ల మీద పెట్టాలి. నగరపాలిక ఫిర్యాదుల నంబరు 1533కు ఫోన్ చేసేటప్పుడు "మా వీధిలో నీళ్లు నిలుస్తున్నాయి" అని చెప్పి ఊరుకుంటే ఆ ఫిర్యాదు మూలన పడుతుంది. "ఫలానా క్రాసులో, ఫలానా నంబరు ఇంటి ముందు, కెర్బు కన్నం తారుతో మూసుకుపోయింది, పక్కన పది మీటర్ల మేర అడుగు లోతు పూడిక ఉంది" అని ఫొటోతో సహా పంపితే, పని జరగకపోయినా, ఎవరు చెయ్యలేదో తెలుస్తుంది. తెలిస్తే సమాచార హక్కు చట్టం కింద అడగడానికి ఆధారం దొరుకుతుంది.

మీలో కొందరికి ఈ వీధుల్లో సొంత ఇళ్లు లేవు, అద్దెకు ఉంటున్నారు, కన్నడం ఇంకా సరిగా రాదు, మనకెందుకులే అనుకునేవారూ ఉంటారు. అద్దెకున్నవారు కూడా ఆ ఇంటి ముందు బండను రోజూ తొక్కేవారే. వార్డు కార్యాలయానికి వెళ్లేటప్పుడు కన్నడం బాగా వచ్చినవారిని ఒకరిని వెంట తీసుకెళ్దాం, అర్జీని కన్నడంలోనే రాయిద్దాం. ఆ వీధిలోని కన్నడ, తమిళ కుటుంబాల సంతకాలు లేకుండా తెలుగువారి అర్జీగా ఇది పోకూడదు, పోతే పని జరగదు, జరిగినా నిలవదు.

పుస్తకానికి నమూనా ఒకటి రాసి తెచ్చాను, బయట బల్ల మీద ఉంది. మార్చి నెలాఖరులోపు బండలు ఎత్తి చూడడం, ఏప్రిల్ పదిహేనులోపు అర్జీలు ఇవ్వడం, మే మొదటి వారంలో కన్నాలూ జాలీలూ మరోసారి తిరిగి చూడడం అన్న క్రమంలో అందులో తేదీల గడులు ఉంచాను. వాటిని మీ వీధికి తగినట్టు మార్చుకోండి. బండ ఎత్తే రోజున ఎవరూ లోపలికి చెయ్యి పెట్టకండి, కడ్డీతోనే లోతు చూడండి, పిల్లలను దూరంగా ఉంచండి, చూడడం అయిపోగానే బండను సరిగా కూర్చోబెట్టండి. ఇప్పుడు ప్రశ్నలు అడగదలచినవారు అడగవచ్చు.